1968లో పుట్టిన రెండు ద్వీప దేశాలు: మారిషస్ నిలబడింది, నౌరు ఎందుకు కూలింది?

పటాలపిచ్చి (ఆదివారం, ఉదయం 7:40)

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతిలో గోడపటం వేలాడదీసి హిందూ మహాసముద్రం చూపిస్తున్నాను. చూపుడు కర్ర కొన మోపేసరికి మారిషస్ మొత్తం దాని కింద మాయమైంది. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, అంత చుక్కలో మనుషులు ఏం తిని బతుకుతారు?" అని అడిగింది. చెరకు, పర్యాటకం అని పాఠంలో ఉన్న రెండు మాటలు చెప్పి కూర్చోబెట్టాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఇంటికి వచ్చి చదవడం మొదలుపెడితే ఒక విషయం పట్టుకుంది. 1968 జనవరి 31న పసిఫిక్‌లో నౌరుకు స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది మార్చి 12న మారిషస్‌కు వచ్చింది. నౌరు కేవలం 21 చదరపు కిలోమీటర్లు, కానీ నేలంతా మేలురకం ఫాస్ఫేట్. 1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచపు ముందు వరుసలో ఉంది. మెల్‌బోర్న్ నగరంలో 52 అంతస్తుల భవనం కట్టుకుంది. మారిషస్‌కు గనులూ లేవు, చమురూ లేదు. ఉన్నది ఒక్క చెరకు పంట, నిరుద్యోగులతో కిక్కిరిసిన జనం. మరి నలభై ఏళ్లు తిరిగేసరికి నౌరు అప్పులపాలై ఆ భవనాన్ని కూడా 2004లో అమ్ముకుంది. మారిషస్ ఆఫ్రికాలోనే బాగా బతికే దేశాల్లో ఒకటైంది.

ఇది అదృష్టమా, తెలివా, నేల మహిమా? తెలిసినవారు చెప్పండి. ఆ అమ్మాయికి నేను సరైన సమాధానం బాకీ ఉన్నాను.

భూగోళంమాస్టారు (ఆదివారం, ఉదయం 9:15)

నాయనా, మంచి ప్రశ్న తెచ్చావు. ముప్పై ఏళ్లు కళాశాలలో భూగోళం చెప్పినవాణ్ణి, నేలతోనే మొదలుపెడతాను.

రెండూ ద్వీపాలే గానీ పుట్టుక వేరు. నౌరు సముద్రం నుంచి పైకి లేచిన పగడపు దిబ్బ. దాని మధ్య మెరకలో, పగడపు స్తంభాల సందుల్లో ఫాస్ఫేట్ నిండి ఉండేది. దాన్ని తవ్వుకుపోతే ఆ స్తంభాలే మిగిలాయి. దేశంలో నూటికి ఎనభై వంతుల నేల అలా అయిపోయింది. నడవడానికే వీలుకాని చోట పంట మాట ఎక్కడిది? జనమంతా ఒడ్డున సన్నని పట్టీలో ఉంటారు.

మారిషస్ అగ్నిపర్వతం కక్కిన ద్వీపం. దాని వయసు సుమారు 80 లక్షల సంవత్సరాలు. ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు. మధ్యలో పీఠభూమి, దాని చుట్టూ పాత జ్వాలాముఖి అంచులు విరిగి మిగిలిన కొండలు. అన్నిటికన్నా ఎత్తైనది 828 మీటర్లే. అయినా వర్షాన్ని పంచడానికి ఆ ఎత్తు చాలు. ఆగ్నేయం నుంచి వచ్చే వాణిజ్య పవనాలు పీఠభూమిని ఎక్కుతూ కురుస్తాయి. అక్కడి క్యూర్‌పీప్ పట్టణం ఏడాదిలో ఎక్కువ రోజులు తడుస్తూనే ఉంటుంది. పీఠభూమి మీద ఏటా 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అక్కడినుంచి బస్సులో గంటలోపు దిగివస్తే, మోకా కొండల చాటున ఉన్న రాజధాని పోర్ట్ లూయీలో వాన అందులో నాలుగో వంతు కూడా ఉండదు. గొడుగు ముడిచి సంచిలో పెట్టుకోవలసిందే.

ఇక తుపాన్లు. ఇక్కడే చెరకు విలువ తెలుస్తుంది. కాఫీ, లవంగం వంటి చెట్లు ఒక్క పెద్ద గాలికి విరిగిపోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. చెరకు వంగుతుంది, పడుకుంటుంది, దిగుబడి తగ్గుతుంది, కానీ మొదలు బతికే ఉంటుంది. మారిషస్ చెరకు దేశం కావడంలో బ్రిటిష్ వ్యాపారం ఎంత పని చేసిందో, తుపాను గాలి కూడా అంత పని చేసింది.

ఇంకొక మాట. పటంలో చుక్క అంటున్నావు, కానీ రోడ్రిగ్స్, అగలేగా, సెయింట్ బ్రాండన్, చాగోస్ దీవులను కలుపుకుంటే దాని సముద్ర మండలం, అంటే చేపలూ ఖనిజాలూ వాడుకునే హక్కు ఆ దేశానికి ఉన్న సముద్రం, సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. నేల 2,040. స్వాతంత్ర్యానికి మూడేళ్ల ముందే, 1965లో, చాగోస్‌ను బ్రిటన్ విడదీసింది. అది చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. పిల్లలకు పటం చూపేటప్పుడు ఆ సముద్రాన్ని కూడా చూపించు.

చెరకుతోట (ఆదివారం, ఉదయం 10:02)

మాస్టారూ, నమస్కారం. మాది అనకాపల్లి ప్రాంతం, మూడు తరాలుగా చెరకే. చెరకు గాలికి తట్టుకుంటుందన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ధరకు తట్టుకోదు. మా దగ్గర మిల్లులు మూతపడి చెరకు వేసేవాళ్లే తగ్గిపోయారు. మరి ఆ దేశం ఒక్క చక్కెరతో అన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చింది? వాళ్లకు ధర ఎవరిచ్చారు?

లెక్కలబల్ల (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

ధర ఇచ్చింది ఐరోపా. ఐరోపా దేశాలు ఆఫ్రికా, కరేబియన్, పసిఫిక్ దేశాలతో చేసుకున్న 1975 లోమే ఒప్పందంలో భాగంగా వచ్చిన చక్కెర ఒడంబడికే ఈ కథ మొత్తానికి తాళంచెవి. మారిషస్ నుంచి ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను, ఐరోపా తన సొంత రైతుకు హామీ ఇచ్చే ధరతో ముడిపెట్టి కొనేది. చాలా సంవత్సరాల్లో ఆ ధర ప్రపంచ మార్కెట్ ధరకు రెండు మూడు రెట్లు. ఆ పథకం కింద దేశాలన్నిటికీ కలిపి ఇచ్చిన కోటాలో మూడో వంతుకు పైగా మారిషస్‌దే.

దుస్తుల పరిశ్రమ కథా ఇంతే. 1970లో ఎగుమతి మండలం చట్టం చేశారు, అంటే ఎగుమతి కోసమే సరుకు తయారుచేసే కర్మాగారాలకు రాయితీలిచ్చే ఏర్పాటు. అప్పట్లో హాంకాంగ్ నుంచి అమెరికా, ఐరోపాలకు వెళ్లే బట్టలకు కోటా పరిమితులు ఉండేవి. ఆ పరిమితులు దాటడానికి హాంకాంగ్ వ్యాపారులు కోటా మిగిలి ఉన్న దేశాలు వెతుక్కున్నారు. మారిషస్ దొరికింది. 1980ల మధ్యకు బట్టల ఎగుమతి చక్కెరను దాటేసింది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇది అదృష్టం. వేరే దేశాల రాజధానుల్లో రాసుకున్న రెండు ఒప్పందాల నీడలో ఒక ద్వీపం పెరిగింది. నీడ తీసేయగానే ఎండ తగిలింది. 2005లో బట్టల కోటాలు రద్దయ్యాయి, కర్మాగారాలు మూతపడ్డాయి. 2006 నుంచి ఐరోపా చక్కెర ధరను దశలవారీగా 36 శాతం కోసింది. 2009లో ఒడంబడికే ముగిసింది.

పటాలపిచ్చి (ఆదివారం, సాయంత్రం 4:10)

లెక్కలబల్ల గారూ, మీ లెక్క కాదనలేను. కానీ అదృష్టమే అయితే నౌరు అదృష్టం ఇంకా పెద్దది కదా. వారికి ఫాస్ఫేట్ రాబడి ఉండేది, దాన్ని దాచడానికి నిధి ఉండేది, ఆదాయపు పన్ను లేదు, సొంత విమానాలు కూడా ఉండేవి. ఆ నిధి ఏమైందో చదువుతుంటే బాధ వేసింది. చెడ్డ పెట్టుబడులు, అప్పులు, ఖర్చులు. పదివేల మంది చిల్లర జనాభాకు జీవితాంతం సరిపోవలసిన డబ్బు ఒక తరంలో కరిగిపోయింది. ఆ తర్వాత పరాయివారి నల్లడబ్బుకు బ్యాంకులు తెరిచారు. 2001 నుంచి ఆస్ట్రేలియా పంపిన శరణార్థులను నిర్బంధ శిబిరాల్లో ఉంచుకుని దానిమీద వచ్చే సొమ్ముతో నడిచారు. ఇద్దరికీ బయటినుంచే డబ్బు వచ్చింది. ఒకచోట నిలిచింది, ఇంకోచోట నిలవలేదు. తేడా ఎక్కడుంది?

పోర్ట్‌లూయీనుంచి (ఆదివారం, రాత్రి 9:48)

ఆలస్యంగా చూశాను, క్షమించండి. నేను ఆరేళ్లుగా ఇక్కడ మారిషస్‌లో, పోర్ట్ లూయీ దగ్గరి ఎబెన్‌లో ఒక లెక్కల కార్యాలయంలో పని చేస్తున్నాను. కనుక కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు లెక్కలబల్ల గారి అదృష్టం మాట. 1974లో ప్రపంచ చక్కెర ధర ఎప్పుడూ లేనంత పెరిగింది. ఆ ఏడాదే ఐరోపాతో బేరం జరుగుతోంది. బయట అంత ధర పలుకుతుంటే ఎవరైనా "మాకు ఒప్పందం ఎందుకు?" అనుకోవచ్చు. మారిషస్ మాత్రం వీలైనంత పెద్ద కోటా, వీలైనంత ఎక్కువ కాలానికి కావాలని పట్టుబట్టింది. ధర పడిపోయే రోజు వస్తుందని ముందే చూసినవారు చేసే పని అది. దీన్ని అదృష్టం ఖాతాలో వేయడానికి నాకు మనసు ఒప్పదు.

రెండోది, వచ్చిన డబ్బు ఎటు పోయింది అన్నది. చక్కెర ఎగుమతి మీద ప్రభుత్వం పన్ను వేసింది, ఎస్టేట్లను మాత్రం స్వాధీనం చేసుకోలేదు. యజమానులు చాలావరకు ఫ్రెంచ్ సంతతివారు, ప్రభుత్వం నడిపేది ఎక్కువగా భారత సంతతివారు. ఈ ఇద్దరి మధ్య ఎప్పుడైనా తెగిపోవచ్చు. తెగకుండా చూసుకున్నారు. పన్ను డబ్బు ఉచిత వైద్యానికి, వృద్ధుల పింఛనుకు వెళ్లింది. 1977 నుంచి మాధ్యమిక విద్య కూడా ఉచితమైంది. ఎస్టేట్ల లాభాలు పక్కనే బట్టల మిల్లులుగా, హోటళ్లుగా మారాయి. ఎగుమతి మండలంలో పెట్టుబడి అంతా హాంకాంగ్‌ది కాదు, దాదాపు సగం స్థానికులది. పైగా ఆ మండలానికి కంచె లేదు. ద్వీపంలో ఏ ఊళ్లోనైనా కర్మాగారం పెట్టుకోవచ్చు.

మా ఇంటి యజమానురాలికి డెబ్బై దాటాయి. పద్ధెనిమిదో ఏట ఇలాంటి ఒక కర్మాగారంలో స్వెట్టర్లు కుట్టడానికి చేరారు. ఉన్ని పుట్టని దేశం ఉన్ని దుస్తుల ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరుసకు వచ్చింది ఇలాంటి ఆడవాళ్ల చేతులతోనే. ఆవిడ కుడి చూపుడు వేలి కొస ఇప్పటికీ మొద్దుబారి ఉంటుంది. "నాన్న చెరకు కోతకు వెళ్తే కోత కాలంలోనే కూలి. నాకు నెల నెలా జీతం. పెళ్లి ఎప్పుడో, పిల్లలు ఎందరో నేనే చెప్పాను" అన్నారు ఒకసారి. ఆ మాట వెనక దేశపు లెక్కే ఉంది. యుద్ధం తర్వాత మలేరియాను తరిమేసేసరికి జనాభా ఒక్కసారిగా పెరిగింది. 1944లో 4.2 లక్షలు ఉన్నది 1962కు 6.8 లక్షలయింది. ఇక్కడి పరిస్థితి చూసి వెళ్లిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, ఈ దేశం శాంతిగా బాగుపడే సూచనలు తక్కువేనని 1961లో రాశారు. ఆయనకు తర్వాత నోబెల్ కూడా వచ్చింది. ఆ అంచనా తప్పించడంలో కుటుంబ నియంత్రణకూ, ఆడపిల్లల చదువుకూ, ఈ కర్మాగారాల జీతాలకూ సమాన వాటా ఉంది.

నౌరుతో తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. అక్కడ తవ్వకం పని కూడా చాలావరకు బయటి కూలీలు చేశారు. పౌరులకు వచ్చింది రాబడి, పని కాదు. ఇక్కడ ప్రతి రూపాయీ ఎవరో ఒకరి నడుము వంగితేనే వచ్చింది.

కోరంగిమనవడు (సోమవారం, ఉదయం 6:20)

నడుము వంగడం అనగానే ఆగలేకపోయాను. మాది కోరంగి పక్క ఊరు. ఇప్పుడు మడ అడవులు చూడటానికి జనం వస్తారు గానీ, ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. మారిషస్‌కు వెళ్లిన మన తెలుగువారిని అక్కడ "కొరంగీలు" అనేవారు. ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది.

బానిసత్వం రద్దవుతుండగా, తోటల పనికి 1834 నుంచి ఒప్పంద కూలీలను తెచ్చారు. సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు, ఎక్కువ మంది తిరిగి రాలేదు. పోర్ట్ లూయీలో వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆర్థిక వ్యవస్థ గురించి మాట్లాడేటప్పుడు కోటాలూ ఒప్పందాలే చెప్పుకుంటాం. ఆ చక్కెర బస్తా కింద తరాల వెట్టి ఉంది, దాన్ని మరవొద్దని నా విన్నపం.

మాస్టారూ, అక్కడ చెరకు చేలల మధ్య నల్లరాళ్ల గుట్టలు ఫొటోల్లో చూశాను. చిన్న చిన్న పిరమిడ్లలా ఉన్నాయి. అవి ఏమిటి?

భూగోళంమాస్టారు (సోమవారం, ఉదయం 8:05)

లావా గట్టిపడిన బసాల్టు బండలు, నాయనా. ఆ నేలలో మట్టి కన్నా రాయి ఎక్కువ. నాగలి దిగాలంటే ముందు రాయి తీయాలి. బానిసలూ తర్వాత కూలీలూ చేతులతో ఏరి, చేల మధ్యే పేర్చారు. రాయి మోసుకుపోయి పారేయడానికి బండ్లు ఎవరిచ్చారు?

పోర్ట్‌లూయీనుంచి (సోమవారం, ఉదయం 8:40)

కోరంగిమనవడు గారూ, మీకు సంతోషం కలిగించే మాట ఒకటి. ఇక్కడ ఉగాది జాతీయ సెలవు. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెబుతారు. ఇళ్లలో మాట్లాడేది మాత్రం ఫ్రెంచ్ నుంచి పుట్టిన క్రియోల్ భాష. మా వీధిలో ఒక పెద్దాయన సింహాద్రి అప్పన్న పండుగనాడు పాటలు పాడతారు. కొన్ని మాటలకు అర్థం ఆయనకు తెలియదు, నన్ను అడుగుతారు. నాకూ తెలియని మాటలు ఉంటాయి, అంత పాతవి.

లెక్కలబల్ల (సోమవారం, మధ్యాహ్నం 1:15)

1974 బేరం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నాకు తట్టలేదు.

కానీ ఒక విషయంలో వెనక్కి తగ్గను. చక్కెర, బట్టలు తగ్గుతుంటే మూడో కాలుగా నిలబెట్టింది ఆర్థిక సేవలు. మన దేశంతో 1980ల మొదట్లో చేసుకున్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం, మారిషస్ కంపెనీ భారత షేర్లు అమ్మితే వచ్చే లాభం మీద మన ప్రభుత్వం పన్ను వేయడానికి వీలుండేది కాదు. అక్కడ ఆ పన్నే లేదు. 2000 తర్వాత పదిహేనేళ్లలో మన దేశానికి వచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిలో దాదాపు మూడో వంతు ఆ చుక్క నుంచి వచ్చినట్టు లెక్కల్లో ఉంది. 13 లక్షల జనాభా కూడా లేని దేశానికి అంత పెట్టుబడి ఎక్కడిది? ఎక్కడెక్కడి డబ్బో ఆ చిరునామా మీదుగా వచ్చింది. మనకు రావలసిన పన్ను పోయింది. మన బడులకూ ఆస్పత్రులకూ పోయిన సొమ్ము అది. 2016లో ఒప్పందం సవరించి, 2017 ఏప్రిల్ నుంచి కొన్న షేర్లకు పన్ను వర్తింపజేసేదాకా ఇది సాగింది. మారిషస్ విజయాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ పద్దు కూడా రాయాలి.

పోర్ట్‌లూయీనుంచి (సోమవారం, రాత్రి 10:20)

రాయాలి. నేను ఆ రంగంలోనే జీతం తీసుకుంటున్నాను కనుక మరీ రాయాలి. ఒక చిన్న భవనంలో వందల కంపెనీల పేర్లు ఉండటం నేను కళ్లారా చూసినదే. 2020లో నల్లడబ్బు చలామణీని అరికట్టే ఎఫ్.ఎ.టి.ఎఫ్. అనే అంతర్జాతీయ సంస్థ మారిషస్‌ను నిఘా జాబితాలో పెట్టింది, 2021లో నియమాలు బిగించాక తొలగించింది. ఇప్పుడు కాగితం కంపెనీ నడపడం అంత తేలిక కాదు.

కానీ నన్ను భయపెట్టేది పన్ను కాదు, సముద్రం. 2020 జూలైలో వకాషియో అనే సరుకు ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకు గుద్దుకుంది. ఆగస్టులో దాని ఇంధనం, సుమారు వెయ్యి టన్నులు, పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉండే లాగూన్‌లోకి కారింది. అప్పటికే కరోనాతో సరిహద్దులు మూసేశారు. 2019లో 13.8 లక్షల మంది పర్యాటకులు వచ్చిన దేశంలో హోటళ్లన్నీ ఖాళీ. మేమంతా మహేబూర్గ్ రేవుకు వెళ్లాం. చేలల నుంచి ఎండు చెరకాకు ట్రాక్టర్ల మీద వచ్చింది. నీటి మీద నూనె పాకకుండా అడ్డుకట్ట వేయడానికి వల గుడ్డలు గొట్టాల్లా కుట్టి, అందులో ఆకు కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టాం. ఆకు అంచులు చేతులు కోస్తాయి, చేతులనిండా నూనె జిడ్డు. కుట్టేవాళ్లలో ఎక్కువ మంది బట్టల మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లే. వాళ్ల వేగానికి మేము ఆకు అందించలేకపోయాం. చక్కెర, బట్టలు, పర్యాటకం అని విడివిడిగా చెప్పుకుంటున్న మూడూ ఆ రేవులో నాకు ఒకేచోట కనిపించాయి.

అదే ఏడాది ప్రపంచ బ్యాంకు మారిషస్‌ను అధికాదాయ దేశాల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాదే జాబితా నుంచి దిగిపోయింది. తినే తిండిలో ఎక్కువ భాగం ఓడల మీద వస్తుంది, బియ్యం గింజతో సహా. పిల్లలు పుట్టడం బాగా తగ్గింది. కర్మాగారాల్లో ఇప్పుడు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు కుడుతున్నారు. 1961లో జనం ఎక్కువయ్యారని భయపడిన దేశంలో ఇప్పుడు పింఛను ఎవరు కడతారన్నది రోజూ చర్చ.

చెరకుతోట (మంగళవారం, ఉదయం 5:55)

ఈ చర్చ మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా నాన్న రెండు ప్రశ్నలు అడగమన్నారు. అక్కడ చెరకు ఇంకా ఉందా? ఆ రాళ్ల గుట్టలు ఇంకా ఉన్నాయా?

పోర్ట్‌లూయీనుంచి (మంగళవారం, ఉదయం 7:30)

పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. చెరకు ఉంది, బాగా తగ్గింది. ఒకప్పుడు 200కు పైగా ఉన్న మిల్లులు ఇప్పుడు మూడే. ముడి చక్కెర పంపడం తగ్గించి, శుద్ధి చేసిన తెల్ల చక్కెర, రకరకాల గోధుమరంగు చక్కెరలు అమ్ముతున్నారు. పిప్పి కాల్చి కరెంటు తీస్తారు. చక్కెర కన్నా ఆ కరెంటు, మొలాసిస్‌తో చేసే రమ్ కొన్నిచోట్ల మిల్లును నిలబెడుతున్నాయి. చిన్న రైతులు మాత్రం మీలాగే వదిలేస్తున్నారు. బీడు పడిన చేలు దారిపొడవునా కనిపిస్తాయి.

రాళ్ల మాట. యంత్రాలతో కోత కోయాలంటే చేలో రాయి ఉండకూడదు. అందుకని ప్రభుత్వ సాయంతో చాలా గుట్టలు తీసేశారు. ఇంకో కారణం కూడా ఉంది. ఇళ్ల కోసం పూర్వం లాగూన్ నుంచి పగడపు ఇసుక తవ్వేవారు. దానివల్ల తీరం కోతకు గురవుతోందని 2001లో ఆపేశారు. అప్పటినుంచి బసాల్టు రాయిని పిండి చేసిన ఇసుకే వాడతారు. 1960లో కరోల్ తుపాను ఊళ్లకు ఊళ్లను నేలమట్టం చేశాక ఇక్కడ దాదాపు అందరూ కాంక్రీటు ఇళ్లే కట్టుకుంటారు, కాబట్టి ఆ ఇసుకకు గిరాకీ తగ్గదు.

కోరంగిమనవడు (మంగళవారం, ఉదయం 7:52)

అంటే మావాళ్లు ఏరి పేర్చిన రాయి ఇప్పుడు వాళ్ల మునిమనవల గోడల్లో ఉంది.

పటాలపిచ్చి (మంగళవారం, సాయంత్రం 5:30)

ఈ రోజు తరగతిలో పటం మళ్లీ వేలాడదీశాను. ఈసారి కర్ర వాడలేదు, సుద్దముక్కతో సముద్ర మండలం గీత గీశాను. కోరంగి నుంచి పోర్ట్ లూయీకి ఒక దారం కట్టాను. నౌరు గురించి చెప్పినప్పుడు పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. ఆ అమ్మాయి మళ్లీ లేచి, "ఆ రాళ్లు ఏరినవాళ్లకు చెప్పులు ఉండేవా సార్?" అని అడిగింది. మాస్టారూ, దీనికి మీరే చెప్పాలి.

భూగోళంమాస్టారు (మంగళవారం, రాత్రి 8:10)

మారిషస్‌లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి కూలీల ఫొటోలు భద్రపరిచారు. వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని నిలబెట్టి తీసినవి. దొరికితే ఆ అమ్మాయికి చూపించు. ముఖాలు చూసుకోనివ్వు.